ఒకే ఫిల్ము మీద అత్త చెయ్యి, కోడలి చెయ్యి

ఎక్స్‌రే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను మొదట అడిగేది, "ఏ కోర్సు చేశారు సార్?" అని. నేను ఏ కోర్సూ చేయలేదు. మా నాయన గిద్దలూరులో రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్. నేను పదో తరగతి తప్పగానే తెలిసిన వాళ్ళను పట్టుకుని మార్కాపురంలో ఒక నర్సింగ్‌హోమ్ చీకటిగదిలో పడేశాడు. ఎర్ర బల్బు కింద, ఫిల్ము కడిగే డెవలపర్ వాసనలో నా చదువు మొదలైంది. డాక్టర్లు చదివి పారేసిన పుస్తకాలు తెచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో పేజీతో కుస్తీ పట్టాను. రిటైరైన రోజు శాలువా కప్పారు. అది బీరువాలో ఉంది. దాని గురించి రాయడానికి ఇంతకుమించి ఏమీ లేదు.

నేను రాయాలనుకున్నది ఒక కాలు గురించి. మంచి కాలు. మోకాలి పైనుంచి తీసేయాలని రోజు కూడా పెట్టేసిన కాలు. తప్పు చేసినవాడు ఒక దుర్మార్గుడైతే తిట్టి ఊరుకునేవాణ్ణి. అందరూ మంచివాళ్ళే, అందరూ తెలిసినవాళ్ళే. అదే నన్ను నిద్రపోనివ్వదు.

నీళ్ళు, రాళ్ళు

మా డాక్టర్ రామ్మోహన్ గారు సర్జన్. మంచి హస్తవాసి. విరిగిన ఎముకను వేళ్ళతో తడిమి కూర్చోబెట్టడం ఆయన్ని చూసి నేర్చుకోవలసిందే. పేదవాళ్ళను కసురుకోవడం నేనెన్నడూ చూడలేదు. ఆయనకొక జోకు ఉండేది. కొత్తగా వచ్చిన నర్సులకు, మందుల కంపెనీ కుర్రాళ్ళకు అందరికీ చెప్పేవాడు.

"ఈ తాలూకాలో రోగాలు రెండేనయ్యా. నీళ్ళు, రాళ్ళు. నీళ్ళు ఎముకల పని పడతాయి, రాళ్ళు ఊపిరితిత్తుల పని పడతాయి. మిగతావన్నీ వాటి పిల్లలే."

జోకులో అబద్ధం లేదు. పలకల గనుల్లో దుమ్ము పీల్చి దగ్గి దగ్గి పోయినవాళ్ళ ఛాతీ ఫిల్ములు నేను చాలానే తీశాను. ఇక బోరునీళ్ళలో ఫ్లోరైడ్. పళ్ళ మీద గోధుమరంగు చారలు, వంగని మెడ, నిటారుగా లేవని నడుము. మా వైపు దీన్ని ఫ్లోరోసిస్ అని ఎవరూ అనరు, నీళ్ళ జబ్బు అంటారు. ఎవరికి కీలు నొప్పన్నా, ఎముక విరిగినా, నడక తప్పినా "నీళ్ళు" అంటే చాలు. అడిగినవాడు తల ఊపేవాడు, చెప్పినవాడు లేచి పోయేవాడు. ఆ నీళ్ళు మార్చమని అడిగే నోరు మాత్రం ఎవరికీ లేకపోయింది. ఆ కోపం ఇంకోచోట తీర్చుకుంటాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఒక విషయం తెలియాలి. ఫ్లోరైడ్ పట్టిన ఎముక ఫిల్ము మీద సుద్దముక్కలా తెల్లగా వస్తుంది. కిరణం సరిగా దాటదు. అందుకని మిషన్ మీద కేవీ, అంటే కిరణం బలం, ఒక మెట్టు పైన పెట్టడం మాకు అలవాటు. ఒంగోలు నుంచి వచ్చిన టెక్నీషియన్ ఎవడైనా మొదటి వారమంతా తెల్లటి ఫిల్ములు తీసి తిట్లు తినేవాడు. "ఇవి మార్కాపురం ఎముకలు నాయనా, ఇంకొంచెం గట్టిగా కొట్టు" అనేవాళ్ళం. మా ఊరి ఎముకలకు మా ఊరి లెక్క. దాని మీద మాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

పనిదొంగ అనిపించుకున్న మనిషి

అంకమ్మది తర్లుపాడు పక్కన ఊరు. గొర్రెలున్న ఇల్లు, కొంచెం మెట్టచేను. మొదటిసారి వచ్చినప్పుడు నలభై లోపే ఉంటుంది. గొర్రెపిల్లను ఎత్తుకోబోతే ముంజేయి పుటుక్కుమంది. గొర్రెపిల్లకు విరిగే చెయ్యేనా అది? "నీళ్ళు" అన్నారు, కట్టు కట్టారు, పంపారు.

తర్వాత కిడ్నీలో రాళ్ళని వచ్చింది. నీళ్ళు బాగాలేక రాళ్ళన్నారు. ఆ తర్వాత ఒళ్ళంతా నొప్పులని. అవీ నీళ్ళే. వచ్చినప్పుడల్లా మనిషి కొంచెం తగ్గి కనిపించేది. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆన్చి లేచేది. వెంట మొగుడు పుల్లయ్య, అత్త సుబ్బమ్మ.

సుబ్బమ్మ నోరు కత్తి. మా వరండాలో అందరూ వింటుండగానే అనేది:

"కూసుంటే లెయ్యదు, లేస్తే నడవదు. నీళ్ళంట నీళ్ళు. నేను తాగలా ఆ నీళ్ళు? నా కొడుకు తాగలా? ఒకే బోరు, ఒకే కడవ. మా ఎముకలకు లేని నొప్పి ఈమె ఎముకలకు యాడనుంచి వచ్చినాది? పనికి నొప్పి అది."

"ఊరుకోమ్మా, అందరూ ఇంటాండారు" అనేవాడు పుల్లయ్య.

"ఇననీ. ఇంటే సిగ్గొచ్చి లేస్తాదేమో."

అంకమ్మ నన్ను ఫోటో అన్నా అని పిలిచేది. ఒకసారి ఫిల్ము పెట్టే క్యాసెట్ మీద చెయ్యి పెట్టి, "పలక మాదిరే ఉండాదే ఫోటో అన్నా. దీని మీద నేను పనిదొంగను కానని రాసి మా అత్తకు చూపించు" అంది. నేను నవ్వాను. ఆ మాట అప్పటికి నాకు జోకే.

మిషన్‌కు వైద్యం

చివరికి ఎడమ కాలి ముందెముక మీద గడ్డ లేచింది. నిమ్మకాయంత. అడుగు వేస్తే ప్రాణం పోయే నొప్పి. ఆ రోజు తీసిన ఫిల్ము నా జీవితంలో మరిచిపోను.

డెవలపర్ నుంచి ఎత్తితే నల్లగా ఉంది. ఎముక ఉండాల్సిన చోట పొగ ఉన్నట్టుంది. గడ్డ దగ్గర గుంట ఒకటి. డాక్టర్ గారు వెలుతురుకు పెట్టి చూసి, "ఏందయ్యా ఇది, బొగ్గు మాదిరి. మిషన్ ఎక్కువ కొడుతున్నట్టుంది" అన్నారు. డెవలపర్ పారబోసి కొత్తది కలిపాను. మళ్ళీ తీస్తే మళ్ళీ బొగ్గే. ఒంగోలు నుంచి మెకానిక్ వచ్చాడు. మిషన్ అంతా విప్పాడు. వరండాలో ఉన్న వేరే మనిషి కాలికి ఎక్స్‌రే తీసి చూశాడు. తెల్లగా, చక్కగా వచ్చింది.

"మిషన్‌లో ఏమీ లేద్సార్" అన్నాడు.

"మరి?"

"కరెంటు హెచ్చుతగ్గులేమో సార్."

ఆ మాటతో అందరికీ మనసు కుదుటపడింది. అంకమ్మకు కేవీ బాగా తగ్గించి తీయమన్నారు డాక్టర్ గారు. తగ్గించి తీస్తే ఎముక అందంగా, నలుగురి ఎముకలాగే వచ్చింది. "ఇప్పుడు బాగుంది" అన్నారు.

ఇది చదివే పిల్లలారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఫిల్ము నల్లగా వస్తే మేము మందునీళ్ళను అనుమానించాం. మిషన్‌ను అనుమానించాం. కరెంటు ఆఫీసును అనుమానించాం. మెకానిక్‌కు భోజనం పెట్టి బస్సెక్కించాం. బల్ల మీద పడుకున్న మనిషి ఎముకను మాత్రం ఒక్కరమూ అనుమానించలేదు. నీళ్ళ జబ్బు ఎముక తెల్లగా ఉంటుందని రోజూ చూసేవాళ్ళం, నల్లగా వచ్చిన ఎముకకూ నీళ్ళ జబ్బనే పేరు పెట్టాం. తెలుపూ నీళ్ళే, నలుపూ నీళ్ళే. ఇంతకంటే విడ్డూరం నా సర్వీసులో నేను చూడలేదు.

గడ్డలోంచి ముక్క తీసి బయటి ల్యాబుకు పంపారు. చెడ్డ గడ్డే, అంటే కాన్సరే అని వచ్చింది. ల్యాబును తిట్టను. అలాంటి చెడ్డ గడ్డలోనూ, అంకమ్మకున్న అసలు జబ్బులోనూ సూక్ష్మదర్శినిలో కనిపించే కణాలు ఒకే తీరుగా ఉంటాయని తర్వాత చదివాను. డాక్టర్ గారు పుల్లయ్యను పిలిచి, కాలు తీయకపోతే మనిషి దక్కదన్నారు. మంగళవారం పెట్టుకున్నారు.

పుల్లయ్య వరండా స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. అంకమ్మే నన్ను అడిగింది.

"కాలు తీస్తే దాన్ని ఏం చేస్తారు ఫోటో అన్నా?"

చేతిలో ఉన్న ఫిల్ము కవరు సర్దాను.

"ఇంటికిస్తారంటే చెప్పు. మా చేలో పూడ్చుకుంటా. గొర్రెల ఎనకమాల తిరిగిన కాలది, ఆసుపత్రోళ్ళ దిబ్బలో పడేసేది యాల?"

సుబ్బమ్మ పోయి కొడుకు పక్కన కూలబడింది.

తెలియని మనిషి అడిగిన ప్రశ్న

ఆపరేషన్లకు మత్తు ఇవ్వడానికి ఒంగోలు నుంచి డాక్టర్లు వచ్చిపోతుండేవాళ్ళు. ఆ వారం కొత్తామె వచ్చింది. డాక్టర్ సుజాత గారు. భీమవరం వైపు మనిషి, మా ప్రాంతానికి రావడం అదే మొదటిసారి. ముందుగానే రోగిని చూడటానికి వచ్చి, మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏంటమ్మా, ముందు నుంచీ చెప్పు. మొదట ఏం విరిగింది?"

అంకమ్మ చెప్పింది. చెయ్యి, రాళ్ళు, నొప్పులు, ఎన్ని నీళ్ళు తాగినా తీరని దాహం, తిన్నది లోపల నిలవకపోవడం, ఊరికే ఏడుపు రావడం.

"ఇన్నేళ్ళు దీన్నేమన్నారు?"

"నీళ్ళ జబ్బు" అన్నాం ముగ్గురం ఒకేసారి. నేను, నర్సు, పుల్లయ్య.

"నీళ్ళ జబ్బంటే ఏంటండీ?"

మేము ఆమెను చంటిపిల్లను చూసినట్టు చూశాం. అన్నం అంటే ఏమిటని అడిగినట్టుంది మాకు. నర్సు విడమర్చి చెప్పింది. విని, సుజాత గారు సుబ్బమ్మ వైపు తిరిగింది.

"మీరూ అవే నీళ్ళు తాగుతారా అండి?"

"తాగక? ఒకే బోరు, ఒకే కడవ."

"మరి మీకెందుకు రాలేదు?"

వరండాలో ఇన్నేళ్ళు సుబ్బమ్మ అరిచింది ఆ ప్రశ్నే. దెప్పిపొడుపని కొట్టిపారేశాం. దాన్ని ప్రశ్నలా విన్నది ఈమె ఒక్కతే, అదీ మా నీళ్ళ సంగతి తెలియదు కాబట్టి.

సుజాత గారు గుండె పట్టీ, అంటే ఈసీజీ, తీయించింది. అందులో గీతల తీరు చూసి ఆమెకు కాల్షియం మీద అనుమానం వచ్చింది. రక్తంలో కాల్షియం చూడమని రాసింది. ఫలితం ఉండాల్సిన దానికంటే బాగా మించి వచ్చింది. డాక్టర్ రామ్మోహన్ గారు చూసి ఏమన్నారో చెప్పనా?

"ల్యాబ్ మిషన్ తప్పు. మళ్ళీ చెయ్యమను."

మళ్ళీ మిషనే. రెండోసారి రక్తం ఒంగోలుకు పోయింది. అదే అంకె తిరిగొచ్చింది.

రెండు చేతులు

ఒంగోలు నుంచి ఫలితం ఇంకా రాకముందే సుజాత గారు నా గదికి వచ్చింది.

"ఈవిడ చేతివేళ్ళకు ఎక్స్‌రే తీయాలండి. ఇక్కడ అందరికీ ఎలా తీస్తారో అలాగే. ఏమీ తగ్గించొద్దు."

"నల్లగా వస్తుంది మేడమ్."

"రానివ్వండి. పక్కన వాళ్ళత్తగారి చెయ్యి కూడా పెట్టండి. ఒకే ఫిల్ము మీద."

సుబ్బమ్మ ఒప్పుకోలేదు. "నాకేం రోగం? నా చెయ్యి యాల? ఒక గొర్రెకు రోగమొస్తే మందనంతా చూసినట్టు అందరినీ చూడాల్నా?" అంది. అంకమ్మ అత్త ముంజేయి పట్టుకుని క్యాసెట్ మీదికి లాగింది. "పెట్టత్తా. పని చేసే చెయ్యి ఎట్లుంటాదో వాళ్ళూ చూస్తారు." అంత నొప్పిలోనూ అనగలిగింది ఆ మాట. సుబ్బమ్మ చెయ్యి పెట్టింది.

ఫిల్ము కడిగి, తడి ఆరకుండానే లైటుపెట్టె మీద పెట్టాను. డాక్టర్ గారు కూడా వచ్చి నిలబడ్డారు.

ఒక చెయ్యి తెల్లగా ఉంది, ఎముక అంచులు గీత గీసినట్టు ఉన్నాయి. రెండో చెయ్యి వేళ్ళ ఎముకలు చెదలు తిన్న వాసాల్లా ఉన్నాయి. అంచులు కొరికేసి, లోపల గుల్లలుగా, నల్లగా. ఒకే మిషన్, ఒకే దెబ్బ, ఒకే కడవ నీళ్ళు.

సుబ్బమ్మ దగ్గరికి వచ్చి చూసింది. చెదలు తిన్నట్టున్న చేతి మీద వేలు పెట్టింది.

"ఇది నాది గదా సామీ. ముసిల్దాన్ని. చితికిపోయిందిలే" అంది.

"కాదమ్మా" అన్నాను. "అది మీ కోడలిది."

ఆమె వేలు అట్లాగే ఫిల్ము మీద ఉండిపోయింది. తడి ఫిల్ము కదా, వేలి గుర్తు పడుతుంది. పడనిచ్చాను. ఆమె కింద కూర్చుంది. "దీంతోనా గొర్రెలకు కసువు కోసినాది" అంది, ఎవరితోనో కాదు.

ఒంగోలు ఫలితం రాగానే డాక్టర్ రామ్మోహన్ గారు హైదరాబాదులో తనతో చదువుకున్న డాక్టరుకు ఫోన్ చేశారు. మంగళవారం ఆపరేషన్ కొట్టేశారు. ఆయన్ని గౌరవిస్తాను కాబట్టే ఇదీ చెబుతాను. ఆరు నెలలు తిరగకుండానే మళ్ళీ అదే నీళ్ళు రాళ్ళు జోకు కొత్త నర్సుకు చెప్పడం నా చెవులారా విన్నాను. మనిషికి తెలియడం వేరు, మారడం వేరు.

మెడలో కందిగింజ

తర్వాత నేను చదివి తెలుసుకున్నది నాలుగు ముక్కల్లో చెబుతాను. మెడలో థైరాయిడ్ గ్రంథి వెనక కందిగింజల్లాంటి గ్రంథులు సాధారణంగా నాలుగుంటాయి. వాటిని పారాథైరాయిడ్ అంటారు. రక్తంలో కాల్షియం తగ్గితే ఎముకలోంచి కొంచెం తెచ్చి పోయడం వాటి పని. చెరువు తూము తలుపు లాంటివి అనుకోండి. కావలసినప్పుడు ఎత్తాలి, చాలినప్పుడు దించాలి. అంకమ్మకు అందులో ఒకటి రేగుపండంత పెరిగి, తలుపు ఎత్తిందే కానీ దించలేదు. ఏళ్ళ తరబడి ఎముకల్లోది రక్తంలోకి పారింది. అక్కడ ఎక్కువైనది కిడ్నీల్లో రాళ్ళైంది. మనసును కూడా కుంగదీసింది. ఎముకల్లో మిగిలిన గుంటల్లో ఒకటి పెద్దదై కాలి మీద గడ్డగా లేచింది. అది కాన్సరు కాదు. కాలు తీసినా జబ్బు పోయేది కాదు. ఇంకో కాలి మీద ఇంకో గడ్డ లేచేది. దాన్ని కూడా తీసేవాళ్ళమా? తీసేవాళ్ళమే. నీళ్ళు బాగాలేవు కదా అనుకుంటూ తీసేవాళ్ళం.

హైదరాబాదులో మెడ దగ్గర చిన్న గాటు పెట్టి ఆ ఒక్క గ్రంథిని తీశారు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఎముకలు రక్తంలోని కాల్షియాన్నంతా ఆకలిగా లాక్కుంటే, వేళ్ళు తిమ్మిర్లెక్కి, కొంకర్లు పోయి, కాల్షియం సీసాలు ఎక్కిస్తూ అక్కడే పెట్టుకున్నారట. పుల్లయ్య ఫోన్ చేసి చెప్పాడు: "ఎముకలకు ఆకలంటన్నా. ఇన్నాళ్ళూ ఎండబెట్టినాం గదా."

ఇప్పుడు మీ చేతుల్లో కంప్యూటర్ ఎక్స్‌రే ఉంది. ఫిల్ము లేదు, డెవలపర్ లేదు. నలుపైతే కంప్యూటరే తెలుపు చేస్తుంది, తెలుపైతే సర్ది పెడుతుంది. ఆనాడు డాక్టర్ గారు చెబితే నేను తిప్పిన కేవీ మరను ఇప్పుడు ఎవరూ చెప్పకుండానే అది తిప్పేస్తుంది. బొమ్మ ఎప్పుడూ అందంగానే వస్తుంది. నాకు భయం వేసేది అందుకే. బొమ్మ బాగా రాలేదని సరిచేసే ముందు, ఆ మనిషే బాగాలేదేమోనని ఒక్కసారి బల్ల వైపు చూడండి. ఇంకోటి. మీ ఊళ్ళో అందరికీ తెలిసిన జబ్బు ఒకటి ఉంటుంది. మా ఊళ్ళో నీళ్ళు, ఇంకో ఊళ్ళో ఇంకోటి. అది నిజమైన జబ్బే. కానీ దాని నీడలో వేరే జబ్బులు దాక్కుంటాయి.

మళ్ళీ

ఏడాది దాటాక అంకమ్మ వచ్చింది. నడిచి వచ్చింది. చేతిలో కర్ర చూసి ఊతకర్రేమో అనుకున్నాను, కానీ అది గొర్రెలను అదిలించే కర్ర. దాన్ని గది బయట గోడకు ఆనించి, తనే బల్ల ఎక్కి కూర్చుంది.

హైదరాబాదు డాక్టర్లు కాలు, చెయ్యి ఫిల్ములు తీయించుకురమ్మన్నారు. కాలి ఫిల్ము తీసేటప్పుడు కేవీ మా ఊరి లెక్క మీదే పెట్టాను. ఫిల్ము ఎత్తి చూస్తే ఎముక ఎముకలా ఉంది. పాత గుంట ఉన్నచోట గట్టిగా, తెల్లగా పూడింది.

చేతికి క్యాసెట్ పెడుతుంటే పక్క నుంచి ఇంకో చెయ్యి వచ్చి పడింది. సుబ్బమ్మది.

"అక్కర లేకుండా తియ్యకూడదమ్మా" అన్నాను.

"ఆ పొద్దు అక్కర ఉండి తీసినావా? తియ్యి" అంది. చెయ్యి తీయలేదు. రూలు ప్రకారం తప్పే. తీశాను.

ఇద్దరూ లైటుపెట్టె ముందు నిలబడ్డారు. ఈసారి రెండు చేతులూ ఒకే రంగులో ఉన్నాయి. సుబ్బమ్మ కళ్ళు చికిలించి ఇటూ అటూ చూసింది.

"ఏది నాది?" అంది.

"వంకర్లుండేది నీది అత్తా" అంది అంకమ్మ. "తీరుగా ఉండేది నాది."

సుబ్బమ్మ కోడలి వైపు చూడలేదు. ఫిల్మునే చూస్తూ, "ఇంగ పోదాం పా" అంది. "గొర్రెలు ఎండలో ఉండాయి."

అంకమ్మ కర్ర తీసుకుని ముందు నడిచింది. ముసలామె ఆ ఎడమ కాలి వైపే చూస్తూ వెనకాల పోయింది.